గులాబీ రంగు తాళంచెవి

కళ్ళజోళ్ళ షాపు పైగది,
ఎండలు మొదలైన వారం

కోడలమ్మాయికి,

డబ్బా మూత తీయగానే నా కింది పళ్ళ సెట్టు నీకేసి ఇకిలిస్తుంది, హడలిపోకు. ఎడమపక్క చిగురుకి ఒరుసుకుంటోంది. మాట్లాడితే మంట. మాట్లాడకపోతే నాకు అంతకన్నా మంట అని నీకు తెలుసు. ఇక్కడా పళ్ళ డాక్టర్లున్నారు గానీ, నువ్వు చేసిన సెట్టు మీద ఇంకొకరి ఆకురాయి పడడం నాకిష్టం లేదు. డాక్టరు అచ్చు తీస్తుంటే నా గడ్డం పట్టుకుని "కొంచెం ఓపిక పట్టండమ్మా" అన్న పిల్లవి నువ్వు. నోట్లో వేలు పెడితే కొరకలేనిదాన్ని ఆ రోజు. పళ్ళు లేవు కదా మరి! ఆ చేతి నెమ్మది చూసే నిన్ను మావాడికి అడిగాను.

సరే, అసలు సంగతికి వస్తాను. ఫోన్ చేస్తే వాడే ఎత్తుతున్నాడు. "అమ్మా, స్పీకర్‌లో ఉన్నావు" అంటాడు. నాకు స్పీకర్‌లో ఉండడం చేతకాదు తల్లీ. నీ గొంతు గది ఆ చివర్నించి "బాగున్నాను అత్తయ్యా" అంటుంది. అది బాగున్న గొంతు కాదు. మా అమ్మాయి, అదే మీ వదిన, కింద షాపులో కళ్ళు పరీక్ష చేస్తుందేమో గానీ, చెవులు పరీక్ష చేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

అందుకే ఈ కాయితం పళ్ళ కింద దూదిలో పెడుతున్నాను. వాడు డబ్బా తెరవడు. నోట్లోంచి తీసిన పళ్ళు చూస్తే వాడికి చిన్నప్పట్నించీ కడుపులో తిప్పుతుంది. వాళ్ళ నాన్న పళ్ళు గ్లాసులో చూసి రెండు పూటలు అన్నం మానేసిన ఘనుడు. నువ్వు కూడా జవాబు దూది కిందే పెట్టు. నిజం రాయి.

మీ అత్తయ్య

*

మూడో అంతస్తు,
ఆ తరవాతి వారం

అత్తయ్య గారికి,

మీ పళ్ళు క్షేమంగా చేరాయి. ఒరుసుకుంటున్న చోట అరగదీసి, నునుపు చేసి పంపుతున్నాను. పెళ్ళయి వచ్చిన దగ్గర్నించీ నా చిన్న మోటారు, మైనం, చిగుళ్ళు చేసే గులాబీ పొడి అట్టపెట్టెలో పడుకునే ఉన్నాయి. మీ పుణ్యమా అని ఒక పూట లేచాయి. మీకు నొప్పి అంటే సంతోషించకూడదు గానీ, నాకు మాత్రం పండగలా ఉంది.

నేను బాగానే ఉన్నాను, నమ్మండి. ఫోన్ సంగతంటారా, అదంతా మీ అబ్బాయి జాగ్రత్త. రంగుల ఫ్యాక్టరీలో భద్రత చూసే ఆఫీసరాయె, ఈ వీధిలో అందరూ ఆయన్ని 'జాగ్రత్తగారు' అనే అంటున్నారు. మొన్న పొయ్యి దగ్గర నిలబడి వదినగారితో ఫోన్‌లో మాట్లాడుతుంటే నూనె చిట్లి చేతి మీద పడింది. అప్పట్నించి వంటగదిలో ఫోన్ లేదు. మెట్లు దిగుతూ మాట్లాడి ఓసారి కాలు మడతపడింది కాబట్టి మెట్ల మీద లేదు. బాల్కనీలో మాట్లాడుతూ పిట్టగోడ మీదికి వంగుతానట, అక్కడా లేదు. ఛార్జింగ్‌లో ఉండగా ముట్టుకోకూడదు, తడి చేతులతో పట్టుకోకూడదు, మంచం మీదికి తేకూడదు. చెవికి ఆనించకూడదు కాబట్టి స్పీకర్. మోసగాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి ఆయన పక్కన ఉన్నప్పుడే. అన్నీ తీసేయగా మిగిలింది హాల్లో సోఫా, సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక ఓ అరగంట. మీరు నవ్వుతారని రాస్తున్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర పనివాళ్ళ ఫోన్లు పెట్టించుకునే ఇనప పెట్టె ఉంటుంది కదా, ఒక్కో ఫోనుకి ఒక్కో అర, ముందు సన్నటి సందు. అక్కడ రంగులూ రసాయనాలూ ఇట్టే నిప్పంటుకుంటాయని లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరట. అలాంటి పాత పెట్టె ఒకటి తెచ్చి మా గుమ్మం పక్కన బిగించారు. పొద్దున నా ఫోన్ అందులో పడుకుంటుంది. తాళంచెవి ఆయన గుత్తిలో.

నిజం చెప్పాలంటే ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ తప్పు కాదు. నా చేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఆయన మంచివారు అత్తయ్యా, గొంతు పెంచి ఒక్క మాట అనరు. బయట ఎండగా ఉందని నేనే ఎటూ వెళ్ళడం లేదు.

మీ కోడలు

*

కళ్ళజోళ్ళ షాపు పైగది,
ఎండలు ముదిరాక

అమ్మాయ్,

పళ్ళు బాగా కుదిరాయి. అందుకే గోళ్ళు అరగదీసే దాంతో కుడిపక్క నేనే గీకాను. మళ్ళీ నొప్పి అని వాడికి చెప్పు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం! మీ వదిన నా గీకుడు చూసి, "అమ్మా, నీకు మతి పోయిందా" అంది. సెట్టు తిరిగొచ్చేదాకా మెత్తగా ఉడికించినవి మింగుతూ కూర్చుంటాను, నాకేం.

నవ్వుతాననుకున్నావా? నవ్వు రాలేదు. ఎందుకంటే నాకు ఆ పెట్టె కొత్త కాదు.

మీ మామయ్య ఉన్న రోజుల్లో ఫోనుకి గుండ్రటి బిళ్ళ ఉండేది, కన్నాల్లో వేలు పెట్టి తిప్పేవాళ్ళం. ఆ కన్నంలో వేసే బుల్లి తాళం అమ్మేవాళ్ళు. తాళం వేస్తే వచ్చిన ఫోన్ ఎత్తొచ్చు, మనం చేయడానికి లేదు. "ఊరికే తిప్పితే పాడైపోతుంది, జాగ్రత్త కోసం" అనేవారు. జాగ్రత్త! నేనూ నమ్మాను. ఆయనా గొంతు పెంచేవారు కాదు.

వాడు చెప్పినవన్నీ నిజమే. ఇటుకలో తప్పేముంటుంది, అన్నీ పేర్చాక చూస్తే కదా గోడ అని తెలిసేది. రెండు ప్రశ్నలకి సూటిగా జవాబు రాయి. వాడి ఫోన్ కూడా ఇంట్లో ఆ పెట్టెలోనే పెడుతున్నాడా? నువ్వు బయటికి వెళ్ళనిది ఎండకేనా?

అత్తయ్య

*

మూడో అంతస్తు,
మబ్బు పట్టిన రోజు

అత్తయ్యా,

మీకు అబద్ధం రాయడం నాకు చేతకావడం లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు గానీ, పార్సిల్ పంపేది ఆయనే అయినా, ఇది దూది దాటి మీ దాకానే వస్తుంది కదా. అందుకని రాస్తున్నాను.

ఆయన ఫోన్లు రెండు. రెండూ పెట్టెలోకి రావు, "అవి డ్యూటీవి" అంటారు. ఇంట్లో మంచం మీదే ఛార్జింగ్ పెట్టుకుంటారు. నేనంటే, "నాకు తెలుసుగా ఎలా వాడాలో" అంటారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

బయటికి వెళ్ళనిది ఎండకి కాదు. ఫోన్ లేకుండా వీధిలోకి వెళితే, ఏదైనా జరిగితే ఎవరికి చెప్తావు అంటారు. అందుకని ఫోన్ లేకుండా వెళ్ళకూడదు. ఫోన్ పట్టుకుని రోడ్డెక్కితే లాక్కుపోతారు, లేదా మాట్లాడుతూ బండి కింద పడతావు అంటారు. అందుకని ఫోన్‌తో వెళ్ళకూడదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అత్తయ్యా. ఈ రెండూ కలిశాక మెట్ల దగ్గరి గ్రిల్లుకి బయట తాళం వేసి డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టారు. "నువ్వు లోపల ఉన్నావంటే నాకు అక్కడ పని మీద మనసు నిలుస్తుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు.

మీకు చెప్పనిది ఇంకొకటుంది. గ్రిల్లుకి తాళం పడకముందు, ఈ ఊళ్ళో పళ్ళ సెట్లు చేసే ల్యాబుకి వెళ్ళాను. అక్కడి పెద్దావిడ మైనం ముద్ద ఇచ్చి, "ఒక దవడ పన్ను చెక్కి చూపించు" అన్నారు. చెక్కాను. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "ఈ చెయ్యి ఇంట్లో కూర్చుందా!" అన్నారు. ఖాళీ రాగానే ఫోన్ చేస్తానన్నారు. నాకు ఆ పని కావాలి అత్తయ్యా. ఊరికే పొద్దుపోవడానికి కాదు. ఆ బల్ల ముందు కూర్చున్న కాసేపూ నేను నేనులా ఉన్నాను.

మొన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది, పెట్టెలో. సందులోంచి వెలుగు కనబడుతోంది, నంబరు కూడా సగం కనబడుతోంది. వేలు పెడితే గోరు దాకా వెళ్ళి ఆగిపోయింది. చెంచా కాడతో ప్రయత్నించాను. ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఆ పెట్టెకి చెవి ఆనించి, అందులోకే "ఉన్నానండీ, ఇక్కడే ఉన్నాను" అన్నాను. పిచ్చిదాన్ని కదా! గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చాను.

సాయంత్రం ఆయన పెట్టె తీసి చూసి, "తెలియని నంబరు. ఇలాంటివి తీస్తే ఖాతాలు ఖాళీ చేస్తారు" అని, ఆ నంబరు నుంచి ఇక ఫోన్ రాకుండా ఆపేశారు. అది ల్యాబు నంబరని నేను చెప్పలేదు. చెప్తే 'ఎప్పుడు వెళ్ళావు' అంటారు.

మీ కోడలు

*

కళ్ళజోళ్ళ షాపు పైగది,
తొలి వాన పడ్డాక

తల్లీ,

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నా జీవితంలో ఇది వింతే, మీ వదినని అడుగు.

వాడు నా కొడుకు. వాడి మీద ఇలా రాయాలని ఏ తల్లికీ ఉండదు. అయినా రాస్తాను. మీ మామయ్య మంచం పట్టాక ఆ బుల్లి తాళంచెవి వాడి చేతికిచ్చారు. అప్పటికి కాలేజీలో ఉన్నాడు. నేను అడిగితే కాదనేవాడు కాదు. తాళం తీసి, నంబరు తనే తిప్పి, నా చేతికిచ్చి, మాట్లాడినంతసేపూ పక్కనే నిలబడేవాడు. "నీకేమన్నా అవసరమవుతుందేమోనని అమ్మా" అనేవాడు. అప్పుడు ముచ్చటేసింది. ఎంత శ్రద్ధో అని పక్కింటావిడకి చెప్పుకున్నాను కూడా. వాడు ఇప్పటికీ అలా పక్కనే నిలబడి ఉన్నాడని నాకు తట్టలేదు.

ఇంకో సంగతి. ఆ ఫోన్ ఎత్తితే కింద రెండు మీటలు పైకి లేస్తాయి. ఏ అంకె కావాలో అన్నిసార్లు వాటిని టకటకా నొక్కితే, తాళం ఉన్నా నంబరు పోతుంది. ఎవరూ నేర్పలేదు. దుమ్ము తుడుస్తుంటే నా చేతికే తెలిసింది. నాకు తాళం ఉంటే టకటక ఉంది. నీ చేతికి ఏం తెలుసో నువ్వే చూసుకో.

ల్యాబు పేరు నువ్వు రాయలేదు. అయినా మీ వదిన షాపు ఫోన్లోంచి మీ ఊళ్ళో పళ్ళ ల్యాబులన్నిటికీ చేశాను. మూడోది తగిలింది. "మీరు మొన్న ఫోన్ చేసిన అమ్మాయి నా కోడలు. ఆమె చేసిన పళ్ళతోనే మీతో మాట్లాడుతున్నాను, ఒక్క మాటైనా జారిందా?" అన్నాను. ఆవిడ నవ్వింది. "ఖాళీ ఉంది, ఏ పొద్దున వచ్చినా బల్ల చూపిస్తాను. మరీ ఆలస్యమైతే మాత్రం వేరేవాళ్ళని చూసుకోవాలి" అంది. చిరునామా, నంబరు వెనక రాశాను. బట్టీ పట్టు.

పని నీదే. ఇక గుమ్మం దాటడమే.

అత్తయ్య

*

మూడో అంతస్తు,
ముసురు

అత్తయ్యా,

చిరునామా, నంబరు కంఠతా వచ్చాయి. దాంతోపాటు వంటింటి కిటికీలోంచి కనబడే స్కూటర్ మెకానిక్ బోర్డు మీది నంబరు కూడా. రోజూ చూస్తూ నిలబడితే రాక ఏమవుతుంది.

నా చేతికి ఏం తెలుసో చూసుకోమన్నారు. అచ్చు తీయడం తెలుసు.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు గుత్తి చొక్కా జేబులో ఉంటుంది. మైనం అరచేతిలో వెచ్చచేసి, పెట్టె తాళంచెవిని ఒక పక్క, రెండో పక్క నొక్కాను. గుత్తి గలగలమంటుందని గుడ్డ చుట్టాను. మీ పళ్ళ అచ్చు తీసినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. తరవాత గులాబీ పొడి కలిపి పోశాను. మొదటిది లావైంది, అరగదీశాను. రెండోది సరిగ్గా వచ్చింది. చిగుళ్ళ రంగులో, చూస్తే నవ్వొస్తుంది, బొమ్మల పెళ్ళిలో తాళంచెవిలా ఉంది. నెమ్మదిగా తిప్పితే పెట్టె తెరుచుకుంది!

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఇల్లంతా ఖాళీ. ల్యాబు నంబరు నొక్కాను. ఆవిడ ఎత్తేలోపే ఆపేశాను. ఎవరైనా పక్కన నిలబడి ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను అత్తయ్యా, తాళం వేసిన ఇంట్లో! చేసిన గుర్తు చెరిపేసి, ఫోన్ ఎలా ఉందో అలాగే పెట్టేశాను. ఏం చెప్పను ఆవిడకి? ఈ తాళంచెవి పెట్టెకే. గ్రిల్లు తాళం పెద్దది, ఈ పొడితో చేస్తే అందులోనే పుటుక్కుమంటుంది.

ఆ సాయంత్రం ధైర్యం చేసి ఆయన్నే అడిగాను, "నేను మళ్ళీ పనికి వెళ్ళనా" అని. నా చెయ్యి పట్టుకుని, ఆ నూనె మచ్చ మీద వేలు రాసి, "ఇంట్లోనే ఇంత అయింది, బయట నిన్నెవరు చూస్తారు?" అన్నారు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. తిట్టినా బావుండేది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు.

నాకు ఊపిరాడడం లేదు.

మీ కోడలు

*

కళ్ళజోళ్ళ షాపు పైగది,
ముసురు విడవలేదు

అమ్మాయ్,

చిన్న ఉత్తరం. మీ వదిన పార్సిల్ పట్టుకుని వెళ్తానని తొందరపెడుతోంది.

నువ్వు ఫోన్ పెట్టేశావని సిగ్గుపడకు. నా స్నేహితురాలు ఒకతె ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పని ఇప్పిస్తానంది. వస్తానో రానో ఫోన్‌లో చెప్పమంది. మీ మామయ్య ఇంట్లో లేనప్పుడు టకటకమని నంబరు కొట్టాను. ఆమె "హలో, హలో" అంది. నాకు గొంతు రాలేదు. పెట్టేశాను. తాళం బిళ్ళకే వేశారు గానీ, అప్పటికి అది నా గొంతు దాకా వచ్చేసింది. తరవాత ఆ పని ఇంకెవరికో పోయింది. నేను దాన్ని ఎవరికీ చెప్పలేదు, ఇవాళ నీకే.

నీ గొంతు పోకముందే బయటపడు. ఎలా అంటే నాకు తెలియదు. నేనే వద్దామంటే మోకాళ్ళు మూడంతస్తులు ఎక్కనివ్వవు. వాడితో ఫోన్‌లో పోట్లాడితే పళ్ళ డబ్బా కూడా ఆగిపోతుంది, అది ఆగితే నువ్వు నాకు కనబడకుండా పోతావు. అదొక్కటే నా భయం.

ఈసారి పై సెట్టు కూడా పంపుతున్నాను. రెండూ నీ దగ్గరే ఉంచు. నువ్వు బయటికొచ్చాకే పంపు. అప్పటిదాకా నాకు పళ్ళక్కర్లేదు.

అత్తయ్య

*

ల్యాబు, కిటికీ పక్క బల్ల,
వానలు తెరిపిచ్చాక

అత్తయ్యా,

పైన రాసిన చోటు మళ్ళీ చదువుకోండి. అవును, అక్కడే ఉన్నాను. పక్కన ఇద్దరు పనివాళ్ళు ఎవరివో పళ్ళు అరగదీస్తున్నారు. ఏం జరిగిందో వరసగా రాస్తాను, కంగారుపడకండి, నాకేం కాలేదు.

ఆ పొద్దున ఆయన హడావిడిలో ఒక ఫోన్ మంచం మీద ఛార్జింగ్‌లో వదిలేసి వెళ్ళారు, దిండు కింద. ఎప్పటిలా గ్రిల్లుకి తాళం వేశారు. నేను వంటింట్లో ఉన్నాను. ఏదో కాలిన వాసన. పొయ్యి చూశాను, ఆర్పే ఉంది. గదిలోకి వెళ్తే దిండు కింద నుంచి పొగ, పరుపు నల్లగా కమిలిపోతోంది. కరెంటు మెయిన్ కట్టేశాను. బకెట్లతో నీళ్ళు పోశాను. దూది పరుపు కదా, పైన ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటోంది. పొగ ఎంత నిండిందంటే గోడ తడుముకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాను. గ్రిల్లు పట్టుకుని అరిచాను. కింద అంతస్తుల వాళ్ళు పనుల్లోకి పోయినట్టున్నారు, వాన చప్పుడొకటి. ఎవరికీ వినబడలేదు.

గులాబీ తాళంచెవి జాకెట్టులో ఉంది. పెట్టె తీశాను.

మొదట ఆయనకే చేశాను అత్తయ్యా. రెండో ఫోనుకి. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన ఫోన్ కూడా పెట్టెలోనే ఉంటుంది కదా, రూలు రూలే. నేను పెట్టెలోంచి తీసిన ఫోన్, ఆయన పెట్టెలో మోగుతోంది. ఆ రోజు మధ్యాహ్నం నాకు ఎలా మోగిందో, అలా.

పెట్టేసి మెకానిక్‌కి చేశాను. ఒక్క మోతకే ఎత్తాడు. తెలియని నంబర్లు ఎత్తకపోతే మెకానిక్‌కి పొట్ట ఎలా గడుస్తుంది! "మీ షాపుకి ఎదురిల్లు, మూడో అంతస్తు, పొగ, బయట తాళం" అన్నాను. "తాళమా? లోపల మనుషులుండగానా?" అన్నాడు. ఇనప కడ్డీ పట్టుకుని పైకొచ్చి, రెండు గుంజుల్లో తాళం విరగ్గొట్టాడు. మంటలార్పేవాళ్ళకీ అతనే చేశాడు. వాళ్ళొచ్చి పరుపు కిటికీలోంచి కిందికి తోసేశారు. మీ అబ్బాయికి కబురు చెప్పడానికి అతనే స్కూటర్ వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాడు.

ఆయన వచ్చారు. నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "నీకేమన్నా అయితే నేనేమైపోవాలి" అన్నారు. నేనూ ఏడ్చాను. నిజం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను, ఆ కాసేపు నాకు ఆయన మీద ప్రేమే కలిగింది. ఇక అంతా మారుతుందనుకున్నాను.

కళ్ళు తుడుచుకుని అన్నారు: "రేపట్నించి నేను వెళ్ళేటప్పుడు మెయిన్ కట్టేసి వెళ్తాను. కరెంటే లేకపోతే ఏ గొడవా ఉండదు." అని జేబులోంచి కొత్త తాళం తీశారు. పాతది విరిగిందని తెలిసి దారిలో కొనుక్కొచ్చారట. ఇంకా కాయితం కూడా విప్పలేదు.

నేను ఆ తాళం వైపు చూశాను. "లోపల మనుషులుంటే బయటికెళ్ళే దారికి తాళం వేయకూడదని మీ ఫ్యాక్టరీలో నేర్పరా?" అన్నాను. "అది మొదటి పాఠం. రోజూ నేనే చెప్తాను" అన్నారు. "మరి?" అన్నాను. "అది ఫ్యాక్టరీ. ఇది ఇల్లు" అన్నారు.

ఆ ఒక్క మాటతో తేలిపోయింది. నా అట్టపెట్టె, మీ పళ్ళు, ఫోన్ తీసుకున్నాను. చెప్పులేసుకుని మెట్లు దిగాను. ఆయన ఆపలేదు, అరవలేదు. వెనకాలే రెండో అంతస్తు దాకా దిగారు. "మెట్ల మీద ఫోన్ చూడకు, జాగ్రత్త" అన్నారు. నేను ఫోన్ చూడడం లేదు. సంచిలో ఉంది. ఆ మాటకి మాత్రం కాళ్ళు ఆగబోయాయి. అయినా ఆగకుండా దిగాను.

పెద్దావిడ ల్యాబు వెనక గది ఇచ్చారు. తిరిగి వెళ్తానో లేదో ఇప్పుడు అడగకండి, నాకే తెలియదు. తాళం లేని గ్రిల్లు చూపిస్తే అప్పుడు ఆలోచిస్తాను.

మీ రెండు సెట్లూ మళ్ళీ కుదిర్చి, మెరుగుపెట్టి పంపుతున్నాను. ఈసారి దూది కింద కాకుండా దూది పైనే ఉత్తరం పెడుతున్నాను. దయచేసి ఇక గీకకండి, అరిగిపోతున్నాయి. ఫోన్ చేయండి అత్తయ్యా, పనిలో లేనప్పుడు నేనే ఎత్తుతాను. పక్కన ఎవరూ ఉండరు.

మీ కోడలు

*

కళ్ళజోళ్ళ షాపు పైగది,
ఎండ కాసింది

నా తల్లికి,

పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. పదేళ్ళు తగ్గానని మీ వదిన అంటోంది. దానికి కళ్ళజోడు మార్చాలి.

వాడు వచ్చాడు. ఆదివారం పొద్దున, చెప్పాపెట్టకుండా. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. "అమ్మా, నేనేం తప్పు చేశాను? ఆమెకి ఏమీ కాకూడదనే కదా" అన్నాడు. కన్నకడుపు కదా, ముందు మంచినీళ్ళిచ్చాను.

తరవాత పళ్ళు రెండు సెట్లూ తీసి వాడి ముందు బల్ల మీద పెట్టాను. మొహం తిప్పుకున్నాడు. "తిప్పకు, చూడు. నీ పెళ్ళాం చేతి పని. ఇన్నాళ్ళూ ఇది చూడలేకే డబ్బా తెరవలేదు నువ్వు. తెరిచి ఉంటే ఆమె ఎలా ఉందో నీకూ తెలిసేది" అన్నాను. పళ్ళు లేకుండా సగం మాటలు గాలికి పోయాయి గానీ, వాడికి అర్థమైంది. చూశాడు. కడుపులో తిప్పిందో లేదో, చూపు మాత్రం తిప్పలేదు.

అప్పుడు ట్రంకుపెట్టెలోంచి ఆ బుల్లి తాళం తెచ్చి పళ్ళ పక్కన పెట్టాను. మీ మామయ్య పోయాక ఫోన్ అమ్మేశాను గానీ, దీన్ని దాచుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

"గుర్తుపట్టావా?" అన్నాను.

"నాన్నది" అన్నాడు.

"కాదురా, నాది. నా మీద ఉండేది" అన్నాను.

దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "నేను పక్కన నిలబడితే నీకు బావుండేది కాదా?" అన్నాడు. ఇన్నేళ్ళలో నాకెలా ఉందని వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. బావుండేది కాదని చెప్పాను. తల వంచుకుని ఏడ్చాడు. మారతాడో లేదో నేను హామీ ఇవ్వలేను, నా కొడుకే అయినా. వెళ్ళేటప్పుడు ఆ తాళం అడిగి తీసుకెళ్ళాడు.

ఇక నా సంగతి. నిన్న సాయంత్రం నీకు ఒక ఫోన్ మోగింది కదా, ఎత్తితే ఎవరూ పలకలేదు కదా. అది నేనే. మీ వదినని కిందికి పంపేసి, తలుపు వేసుకుని, నా చేత్తో నేనే నంబరు కొట్టాను. నువ్వు "హలో" అన్నావు. వెనక ఎవరో నవ్వుతున్నారు, మోటారు తిరుగుతోంది. నీ గొంతు బాగుంది. ల్యాబులన్నిటితో గడగడా మాట్లాడినదాన్ని, ఆ గొంతు వినేసరికి నాకు మళ్ళీ మాట రాలేదు, ఆ రోజులాగే పెట్టేశాను.

ఈ ఉత్తరం నీకు చేరాక మళ్ళీ చేస్తాను. ఎత్తి, వెంటనే పెట్టేయకు. కొంచెం ఓపిక పట్టు. మాట్లాడతాను.

అత్తయ్య